అన్నయ్య ఫ్రెండ్‌తో ప్రేమ, ఊళ్లో హత్య: ఈ కథల వెనక 200 ఏళ్ల చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక రకం ప్రేమకథకి చరిత్ర చెప్పబోతున్నాను. చిన్న ఊరు, ఆ ఊళ్లో ఒక నేరం, ఆ నేరం మధ్యలో అన్నయ్య బెస్ట్ ఫ్రెండ్‌ని ప్రేమించే అమ్మాయి. లేదంటే చెల్లెలి బెస్ట్ ఫ్రెండ్‌ని ప్రేమించే అబ్బాయి.

"ఇలాంటివి మేం చదవలేదే" అంటారా? చదివారు, చూశారు కూడా. హ్యారీ పోటర్‌లో జిన్నీ ఎవర్ని ప్రేమించింది? తన అన్న రాన్‌కి ప్రాణస్నేహితుడైన హ్యారీని. 1998లో వచ్చిన రెండో పుస్తకంలోనే ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది, కాపాడేది అన్నయ్య ఫ్రెండే. 2005లో వచ్చిన ఆరో పుస్తకానికి వచ్చేసరికి హ్యారీకి ప్రేమ మొదలవుతుంది, దాంతోపాటు "రాన్‌కి తెలిస్తే?" అనే భయం కూడా. ఫ్రెండ్స్ సీరియల్ తీసుకోండి. మోనికా, చాండ్లర్. చాండ్లర్ ఆమె అన్న రాస్‌కి కాలేజీ ఫ్రెండ్. అటు రాస్ ప్రేమించిన రేచల్ మోనికాకి ఫ్రెండ్. అంటే ఆ సీరియల్‌లో రెండు ముఖ్యమైన ప్రేమకథలూ ఇవే.

ఇంగ్లీషులో, ముఖ్యంగా అమెరికాలో, ఈ ప్రేమకి ఒక చిన్న ఊరినీ ఒక హంతకుడినీ కలిపి రాసే నవలలు చాలా పెద్ద సంఖ్యలో వస్తాయి. దాన్ని రొమాంటిక్ సస్పెన్స్ అంటారు. కథ సుమారుగా ఇలా ఉంటుంది. అమ్మాయి కొన్నేళ్ల తర్వాత సిటీ నుంచి సొంతూరికి తిరిగొస్తుంది. ఎవరో ఆమె వెంట పడుతున్నారు, లేదా ఊళ్లో పాత హత్య ఒకటి మళ్లీ పైకి వస్తుంది. అన్న స్నేహితుడు ఆ ఊరి పోలీసో, మిలిటరీ నుంచి వచ్చినవాడో అయి ఉంటాడు. "మా చెల్లిని కాస్త చూసుకోరా" అని అన్న అతనికి అప్పజెబుతాడు. చూసుకోమన్నాడు గానీ ప్రేమించమనలేదు కదా. కథంతా ఆ రెండు మాటల మధ్యే నడుస్తుంది.

ప్రేమకి హత్య ఎందుకు? పైగా అన్నయ్య ఫ్రెండే ఎందుకు? దీనికి నాకు దొరికిన జవాబు చెప్పాలంటే 1790లకి వెళ్లాలి.

1794లో ఇంగ్లండ్‌లో ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఆవిడ "ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో" రాసింది. తల్లీతండ్రీ పోయిన ఎమిలీ అనే అమ్మాయిని ఆమె మేనత్త భర్త మోంటోనీ ఇటలీ కొండల్లో ఒక కోటలో పెడతాడు. చీకటి గదులు, వింత శబ్దాలు, ఆస్తి కాగితాల కోసం ఒత్తిడి. ఆ రోజుల్లో ఇది సూపర్‌హిట్. ఇలాంటివాటిని గోతిక్ నవలలు అన్నారు. వీటన్నిటిలో పాఠకురాలు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మగాడు ఎవరు, ఇతన్ని నమ్మొచ్చా?

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న అనుకోకండి. ఆ కాలం ఇంగ్లండ్‌లో పెళ్లయిన ఆడమనిషి సొమ్ము చట్టం ప్రకారం మామూలుగా భర్త చేతిలోకి వెళ్లిపోయేది. ఈ పరిస్థితిని గట్టిగా మార్చిన చట్టాలు 1870లోనూ 1882లోనూ వచ్చాయి. అప్పటిదాకా తప్పు మనిషిని నమ్మితే పోయేది మనసొక్కటే కాదు, ఇల్లు, డబ్బు, ఒక్కోసారి పిల్లలు కూడా. కోట, చీకటి గది అన్నవి ఆ భయానికి వేసిన వేషాలు.

ఇప్పుడు జేన్ ఆస్టిన్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఆమె "నార్తాంగర్ అబ్బే" అనే నవల 1790ల చివర్లోనే రాసింది. 1803లో ఒక పబ్లిషర్ 10 పౌండ్లకి కొన్నాడు, కొని పక్కన పడేశాడు. 1816లో అదే 10 పౌండ్లు తిరిగిచ్చి వెనక్కి తీసుకున్నారు. 1817 జులైలో ఆస్టిన్ చనిపోయింది. పుస్తకం ఆ ఏడాది డిసెంబర్‌లో బయటికొచ్చింది, లోపలి పేజీ మీద మాత్రం 1818 అని ఉంటుంది.

కథలో కేథరిన్ అనే 17 ఏళ్ల పల్లెటూరి పిల్ల బాత్ అనే పట్నానికి వెళ్తుంది. ఉడాల్ఫో నవల పిచ్చి. ఎక్కడ పాత భవనం కనిపించినా అందులో శవం ఉందేమో అని చూసే రకం. అక్కడ ఆమెకి జాన్ థార్ప్ పరిచయం అవుతాడు. ఎవరితను? ఆమె అన్న జేమ్స్‌కి ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెండ్! అంటే మన "అన్నయ్య ఫ్రెండ్". మరి ఎలాంటివాడు? గొప్పలు కొట్టే మనిషి. తన గుర్రం, తన బండి తప్ప ఇంకో మాట ఉండదు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే బైక్ సైలెన్సర్ పీకేసి వీధిలో తిరిగే బ్యాచ్. కేథరిన్‌ని తనతో బండిలో తిప్పడానికి అబద్ధం చెప్తాడు, ఆమె తరఫున ఆమెకి చెప్పకుండానే వేరేవాళ్లతో ప్రోగ్రాం క్యాన్సిల్ చేసేస్తాడు. కేథరిన్‌కి మొదట్లోనే విసుగొస్తుంది. కానీ అన్నయ్య ఫ్రెండ్ కదా, అన్నయ్య మంచివాడన్నాడు కదా అని తన అనుమానాన్ని తనే నొక్కేసుకుంటుంది.

ఈ చిన్న విషయం నాకు ఎంత నచ్చుతుందో! రెండు వందల ఏళ్ల క్రితమే ఆస్టిన్ పట్టుకుంది: అన్నయ్య ఇచ్చే సర్టిఫికెట్‌కి విలువ ఉండకపోవచ్చు. మగవాళ్ల ముందు ఒకలా, అమ్మాయిల ముందు ఇంకోలా ఉండే మనిషిని అన్న ఎలా కనిపెడతాడు? అన్నకి కనపడేది ఒక వైపే.

కేథరిన్ ప్రేమించింది హెన్రీ టిల్నీని. అతను ఆమె స్నేహితురాలు ఎలినార్‌కి అన్న. అటు నుంచి చూడండి, హెన్రీ ప్రేమించింది చెల్లెలి ఫ్రెండ్‌ని. ఆమె వాళ్ల ఇంటికి వెళ్లి, హెన్రీ తండ్రి తన భార్యని చంపేశాడేమో అని అనుమానపడుతుంది. గదులు వెతుకుతుంది. హత్యా లేదు, శవమూ లేదు. కానీ అదే పెద్దమనిషి, ఈ పిల్లకి డబ్బు లేదని తెలియగానే, తోడు కూడా ఇవ్వకుండా పొద్దున్నే ఇంటి నుంచి పంపేస్తాడు. 70 మైళ్లు ఒంటరి ప్రయాణం. చంపలేదు గానీ క్రూరుడే. ఆ డబ్బు గురించి అతనికి ముందు గొప్పగా, తర్వాత చెడ్డగా చెప్పింది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ జాన్ థార్పే.

నా లెక్కలో ఈ జానర్‌కి బీజం ఈ నవల. ప్రమాదం కోటలోంచి డ్రాయింగ్ రూమ్‌లోకి వచ్చింది. అపరిచితుడి దగ్గర్నుంచి తెలిసినవాళ్ల దగ్గరికి వచ్చింది.

కానీ జనం దాన్ని వెంటనే పట్టుకోలేదు. తర్వాతి నూట యాభై ఏళ్లు మళ్లీ అపరిచితులదే రాజ్యం. 1847లో జేన్ ఐర్: పెద్ద ఇల్లు, యజమాని, పై అంతస్తులో దాచిన భార్య. 1938లో డాఫ్నే డు మోరియర్ రాసిన రెబెకా: పెద్ద ఇల్లు, భర్త, చనిపోయిన మొదటి భార్య. 1960లో విక్టోరియా హోల్ట్ రాసిన "మిస్ట్రెస్ ఆఫ్ మెలిన్" వచ్చాక అమెరికాలో గోతిక్ పేపర్‌బ్యాకులు కుప్పలుగా వచ్చాయి. అట్ట మీద బొమ్మ ఎప్పుడూ ఒకటే: చీకట్లో పెద్ద ఇల్లు, ఒకే ఒక్క కిటికీలో దీపం, గౌనులో పరుగెత్తే అమ్మాయి. 1973లో జోఆనా రస్ అనే రచయిత్రి వీటి మీద ఒక వ్యాసం రాసి, "ఎవరో నన్ను చంపాలని చూస్తున్నారు, మా ఆయనే అనుకుంటా" అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. నేను గంట మాట్లాడి చెప్పేది ఆవిడ టైటిల్‌లోనే తేల్చేసింది.

మరి చిన్న ఊరు ఎప్పుడొచ్చింది? సినిమాలో ముందే వచ్చింది. 1943లో హిచ్‌కాక్ "షాడో ఆఫ్ ఎ డౌట్" తీశాడు, కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో. అందరికీ అందరూ తెలిసిన ప్రశాంతమైన ఊరు. ఒక అమ్మాయి, ఆమెకి ప్రాణమైన మేనమామ. ఆ మేనమామే హంతకుడు.

నవలల్లోకి మాత్రం డబ్బు గొడవ వల్ల వచ్చింది. అప్పట్లో ప్రేమ నవలల మార్కెట్ కెనడా కంపెనీ హార్లెక్విన్ చేతిలో ఉండేది. 1949లో మొదలై, 1971లో బ్రిటన్‌లోని మిల్స్ అండ్ బూన్‌ని కొనేసింది. ఇంట్లో అమ్మనో పిన్నినో అడగండి, మిల్స్ అండ్ బూన్ పేరు చెప్పగానే ఒక నవ్వు నవ్వుతారు. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ సన్న పుస్తకాలు చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయి ఉండేవి. వాటిని రాసేవాళ్లలో ఎక్కువమంది బ్రిటిష్ రచయిత్రులు. హీరో గ్రీకు కోటీశ్వరుడో లండన్ డాక్టరో.

1979 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో విపరీతమైన మంచు కురిసింది. ఇద్దరు చిన్నపిల్లలతో ఇంట్లో ఇరుక్కుపోయిన ఒకావిడ, తోచక, నోటుబుక్కు తీసి పెన్సిల్‌తో కథ రాయడం మొదలుపెట్టింది. ఆవిడే నోరా రాబర్ట్స్. హార్లెక్విన్ తిప్పి పంపింది. వాళ్ల దగ్గర ఇప్పటికే ఒక అమెరికన్ రచయిత్రి ఉందట, ఇంకొకరు అక్కర్లేదట! ఈలోగా, 1980లో, హార్లెక్విన్‌తో పంపిణీ విషయంలో తేడా వచ్చిన సైమన్ అండ్ షూస్టర్ కంపెనీ సిల్వెట్ అనే పోటీ సంస్థ పెట్టి అమెరికన్ రచయిత్రులని వెతకడం మొదలుపెట్టింది. నోరా మొదటి నవల 1981లో అక్కడే వచ్చింది. ఇప్పటికి 200 పైన రాసింది.

అమెరికన్ ఆడవాళ్లు తమ కథలు తాము రాయడం మొదలుపెట్టాక సీన్‌లోకి గ్రీకు కోటీశ్వరుడి పక్కన వాళ్ల ఊరు కూడా వచ్చింది. ఒక మెయిన్ రోడ్డు, ఒక టిఫిన్ సెంటర్ లాంటి డైనర్, ఒక చర్చి, ఒక షెరీఫ్, అందరి సంగతులూ తెలిసిన ఒక మామ్మ. 1984లో హార్లెక్విన్ ఇంట్రీగ్ పేరుతో ప్రేమ, నేరం కలిపిన నవలల కోసం ఒక వరసే మొదలెట్టింది.

ఇక 2000లో నోరా రాసిన "కరొలైనా మూన్". ఇవాళ్టి టాపిక్‌కి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే. సౌత్ కరొలైనాలో ప్రోగ్రెస్ అనే కల్పిత ఊరు. టోరీ, హోప్ ఇద్దరూ 8 ఏళ్ల పిల్లలు, ప్రాణస్నేహితులు. ఒకరు బీదింటి పిల్ల, ఇంకొకరు ఊళ్లోకెల్లా పెద్దింటి పిల్ల. రాత్రిపూట దొంగచాటుగా కలుసుకోవాలని అనుకుంటారు. టోరీ వెళ్లలేకపోతుంది, ఎందుకంటే ఆ రాత్రి తండ్రి చావగొట్టాడు. ఒంటరిగా వెళ్లిన హోప్‌ని ఎవరో చంపేస్తారు. ఏళ్ల తర్వాత టోరీ ఆ ఊరికి తిరిగొచ్చి షాపు పెడుతుంది. హోప్ అన్న కేడ్ ఆమెని ప్రేమిస్తాడు. చనిపోయిన చెల్లెలి బెస్ట్ ఫ్రెండ్ అన్నమాట.

ఆ ప్రేమలో ఉన్న బరువు చూడండి. అతనికి ఆమెని చూసిన ప్రతిసారీ చెల్లెలు గుర్తొస్తుంది. అతని తల్లికి ఆ పిల్లని చూస్తే ఒళ్లుమంట. టోరీకేమో "ఆ రాత్రి నేను వెళ్లి ఉంటే" అనే బాధ. ఈ ఇద్దరి మధ్యా అడ్డుగా ఉన్నది కులమో డబ్బో మాత్రమే కాదు, ఒక శవం. పైగా హంతకుడు ఇంకా దొరకలేదు. ఎవరో చెప్పను, చదువుకోండి. బయటినుంచి వచ్చిన పిశాచం మాత్రం కాదు. ఊళ్లో రోజూ పలకరించే మనిషే.

అంటే ప్రశ్న మారిపోయింది. గోతిక్‌లో "ఈ కొత్త మనిషి ఎవరు?" అనే ప్రశ్న. ఇక్కడ "నాకు తెలిసిన ఇంతమందిలో ఎవరు?" అనే ప్రశ్న. చిన్న ఊరు అవసరమైంది ఇందుకే. అందరినీ అనుమానించాల్సిన చోట, చిన్నప్పట్నుంచీ ఇంట్లో తిరిగిన ఒక మనిషిని నమ్మాలా వద్దా? అన్నయ్య ఫ్రెండ్ ఆ నమ్మకానికి రూపం. ఇంటివాడంత తెలిసినవాడు, కానీ ఇంటివాడు కాదు.

2007లో రాబిన్ కార్ "వర్జిన్ రివర్" నవలలు మొదలుపెట్టింది, 2019 చివర్లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్‌గా వచ్చింది. మూడో నవల "విస్పరింగ్ రాక్"లో బార్ నడిపే జాక్‌కి చెల్లెలు బ్రీ. సర్కారు లాయరు. తను కోర్టులో ఎదుర్కొన్న నేరస్తుడే ఆమె మీద దారుణంగా దాడి చేస్తాడు. ఆ తర్వాత ఆమెకి దగ్గరయ్యేది జాక్‌తో కలిసి మెరైన్స్‌లో పనిచేసిన మైక్. పోలీసుగా ఉండి తూటాలు తిన్నవాడు. ఇక్కడ సస్పెన్స్ ఎవడు చేశాడని కాదు, అది తెలుసు. ఆమెకి మళ్లీ ఒక మగాడి పక్కన భయం లేకుండా కూర్చోవడం సాధ్యమా అనేది సస్పెన్స్. నాకైతే ఛేజింగుల కన్నా ఇది ఎక్కువ ఉత్కంఠ.

ఒక వ్యాపార రహస్యం కూడా చెప్పేస్తాను. ఇవి సిరీస్‌గా ఎందుకు వస్తాయి? అన్నకి నలుగురు ఫ్రెండ్స్ ఉంటే తర్వాతి నాలుగు పుస్తకాలకి హీరోలు రెడీ. ఊరు అదే, డైనర్ అదే, కొత్త పరిచయాలు అక్కర్లేదు. 2007లో కిండిల్, 2014లో నెలకింత కట్టి చదువుకునే పద్ధతి వచ్చాక రచయితలు పబ్లిషర్ లేకుండానే సిరీస్‌లు దించేశారు. పాఠకులు కూడా రచయిత పేరు బదులు "అన్నయ్య బెస్ట్ ఫ్రెండ్" అనే ట్యాగ్‌తో వెతకడం మొదలెట్టారు.

సరే, మరి మన తెలుగులో ఈ కథ ఎందుకు పెద్దగా లేదు? జవాబు మన పిలుపుల్లో ఉంది. అన్నయ్య ఫ్రెండ్ ఇంటికొస్తే మీరేమని పిలుస్తారు? "అన్నయ్యా" అంటారు. అయిపోయింది, కథ అక్కడే క్లోజ్! ఇంగ్లీషులో పేరు పెట్టి పిలుస్తారు కాబట్టి దారి తెరిచే ఉంటుంది. మన దగ్గర ఆ ఒక్క మాటతో అతను చుట్టమైపోయాడు, అది కూడా పెళ్లికి పనికిరాని వరస. తమాషా ఏంటంటే అదే ఫ్రెండ్‌ని మీ అన్నయ్య "ఏరా బావా", "ఏంటి మామా" అని పిలుస్తాడు. ఆ లెక్కన చూస్తే వరస కుదురుతుంది. మగవాళ్లకి ఒక వరస, ఆడపిల్లకి ఇంకో వరస. దీని మీద ఎవరూ పీహెచ్‌డీ ఎందుకు చేయలేదో!

తెలిసినవాడు, కానీ పెళ్లి చేసుకోదగినవాడు అనే ఆ సీటు మన కథల్లో బావది. యద్దనపూడి సులోచనారాణి "మీనా"లో సిటీ పిల్ల పల్లెటూరికి వెళ్లి ప్రేమించేది బావనే. 1973లో విజయనిర్మల దాన్ని సినిమాగా తీసింది. అమెరికన్ కథలో అన్నయ్య ఫ్రెండ్ చేసే పని మన దగ్గర బావ చేసేశాడు.

అన్న మాత్రం రెండు చోట్లా గేటు దగ్గరే ఉన్నాడు. 2005లో వచ్చిన "నువ్వొస్తానంటే నేనొద్దంటానా"లో హీరో పొలం పని చేసి అన్నయ్య శ్రీహరిని ఒప్పించాలి. చూడ్డానికి బాగుంటుంది. కానీ నాకు ఈ జానర్‌లో నచ్చని విషయం కూడా ఇదే. "నా చెల్లి జోలికి రాకు" అన్న మాటలో ప్రేమ ఎంతో, చెల్లి నా సొత్తు అనే లెక్కా అంతే. అమెరికన్ నవలలో అన్నయ్యకి కోపం వస్తే ఫ్రెండ్ మొహం మీద ఒక గుద్దు గుద్దుతాడు, తర్వాత ఇద్దరూ బీరు తాగుతారు. మన చిన్న ఊళ్లలో అలా ముగియదు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యని ఆస్పత్రికి తీసుకొచ్చిన ఒక దళిత యువకుణ్ని నడిరోడ్డు మీద నరికి చంపారు. చంపించింది అమ్మాయి తండ్రి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మన దగ్గర చిన్న ఊళ్లో ప్రేమ, హత్య అంటే హంతకుణ్ని వెతకక్కర్లేదు. ముందు నుంచీ బెదిరిస్తూనే ఉంటాడు. ఆ కథని ఆ కొత్త పెళ్లికూతురి వైపు నుంచి, సస్పెన్స్‌గా, సరిగ్గా రాసిన తెలుగు నవల కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

ఇంకొక్క లెక్క. ఎన్‌సీఆర్‌బీ రికార్డుల్లో ఏటా అత్యాచారం కేసుల్లో 100కి 90కి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. కుటుంబం, పక్కింటివాళ్లు, ఫ్రెండ్స్, తోటి ఉద్యోగులు. కాబట్టి "తెలిసినవాడే సేఫ్" అని చెప్పే నవల కన్నా, "తెలిసినవాళ్లలోనే చూసుకో" అని చెప్పే నవల నాకు నిజాయితీగా అనిపిస్తుంది. మంచి రచయిత్రులు రెండూ ఒకే పుస్తకంలో పెడతారు. అన్నయ్యకి ఇద్దరు ఫ్రెండ్స్ ఉంటారు. ఒకడు ఆమె మాట వింటాడు, ఒకడు వినడు. వాళ్లలో ఎవర్ని నమ్మాలో తేల్చేది అన్నయ్య కాదు, ఆమె.

చదవాలనుకునేవాళ్లు ఆస్టిన్‌తో మొదలుపెట్టండి. నార్తాంగర్ అబ్బేకి కాపీరైట్ లేదు, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు కొంచెం పాతది, మొదటి కొన్ని అధ్యాయాలు ఓపిక పట్టండి. జాన్ థార్ప్ బండేసుకుని వచ్చేదాకా అంతే. అతను నోరు తెరిచాక మీ కాలేజీలో అలాంటివాడి పేరు మీకే గుర్తొస్తుంది.